ఖాళీ ట్రాలీ

డ్రైవరు యువరాజ్ కుడి మణికట్టును ట్రాలీ బారుమీద అదిమి పట్టుకున్నవాడు తిక్కయ్య. ట్రాలీని బండికి తగిలించే ఇనప పిన్ను ఎత్తి కొట్టినవాడూ తిక్కయ్యే. కొట్టమన్న రాజశేఖర్ మాత్రం నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు.

ఎముక విరిగిన చప్పుడు పెద్దగా రాలేదు. ఎండిన కందికట్టె విరిచినంత, అంతే. ఆ వెంటనే యువరాజ్ వేసిన కేకకు రోడ్డున పోయేవాళ్లు ఆగి మండీ గేటులోంచి తొంగి చూశారు. చూసి, ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆదోనిలో రాజశేఖర్ పత్తి మండీ నుంచి కేకలు వినిపించడం వాళ్లకు కొత్త కాదు.

"ఇంగొకసారి అడుగుతాండా. చార్జీ యాడ దించినావు రా?"

"దించలేదు సావుకారీ. నా పిల్లోల్ల మీద ఒట్టు. ఖాళీ ట్రాలీ కట్టుకోని పోతే గాలి తినేస్తాంది. పట్టా నిండా గాలి..."

మండీ అంతా ఘొల్లుమంది. పత్తి తొక్కేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, తూకం దగ్గర నిలబడ్డవాడు, అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది తిక్కయ్య. కరెంటును గాలి తింటుందట! విరిగిన చెయ్యి ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది.

రాజశేఖర్ ఇరవై ఏళ్లు డీజిలు బండ్లు నడిపించాడు. డ్రైవర్లకు వచ్చిన విద్యల్లో అతనికి బాగా తెలిసింది ఒక్కటే, ట్యాంకులో గొట్టం పెట్టి పీల్చి క్యానులోకి దించుకోవడం. మూడు చక్రాల కరెంటు బండి కొన్నప్పుడు ఆ పీడ విరగడైందనుకున్నాడు. ఉత్త బండి నిండు చార్జీతో ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయి వచ్చి, మళ్లీ ఒకసారి పోగలదు. దాని వెనక తగిలించడానికి వెల్డింగు షాపులో ట్రాలీ ఒకటి కట్టించాడు. రెండు పెద్ద చక్రాలు, ముందర ఆనుకోవడానికి ఒక చిన్న చక్రం, చుట్టూ నిలువెత్తు పైపుల చట్రం, దాని మీద నీలం పట్టా. పత్తికి బరువు తక్కువ, చోటెక్కువ. అందుకే ఆ ఎత్తు.

ట్రాలీ కట్టిన నాటినుంచి బండి ఒక్క తడవ కూడా పూర్తిగా పోయి రాలేదు. అదీ ఎట్లా? ఖాళీగా ఎమ్మిగనూరు పోతే నూటికి అరవై పాళ్లు చార్జీ అయిపోయేది. పత్తి నింపుకుని తిరిగొస్తే నలభైకే ఇంచుమించు వచ్చేసేది. ఖాళీకి అరవై, బరువుకు నలభై! పైగా యువరాజ్ కాపురం ఎమ్మిగనూరులో. ఇంకేం రుజువు కావాలి? ఇంటికి పోయి వైరు కలిపి కరెంటు దించుకుంటున్నాడని రాజశేఖర్ తేల్చేశాడు. తేల్చి, బజారులో బండ్లున్న ప్రతి మనిషికీ చెప్పేశాడు.

"వీన్ని బస్టాండులో పారేసి రాండి," అన్నాడు ఖాళీ టీ కప్పు నేలమీద పెడుతూ. "తిక్కయ్యా, రేపటాల నుంచి బండి నువ్వు తోలు. మూటలు మోసింది సాలు."

తిక్కయ్యకు నలభై రెండేళ్లు. మెడ వెనక మూటలు మోసి మోసి కాయలు కాసిన చర్మం ఎద్దు మెడలా ఉంటుంది. ఆ మాట వినగానే నిజంగా ఒళ్లు పులకరించింది. చేతిలోని పిన్నును పంచెతో తుడిచి ట్రాలీ కొక్కెంలో దించాడు.

ఇంట్లో భార్య తిప్పమ్మ మాత్రం పులకరించలేదు. కంచంలో సంగటి పెడుతూ, "ఆ మనిషి సెయ్యి ఇరిగిందంట గదా," అంది.

"దొంగోడు."

"దొంగతనం సేసేది నువ్వు సూసినావా?"

"సావుకారి సూసినాడు."

"కరెంటు ఎట్లుంటాదో సావుకారి సూసినాడా? రంగెట్లుంది?"

కంచం గోడకు తగిలి సొట్టపోయింది. సంగటి ముద్ద గోడకు కరుచుకుని, కాసేపు ఆగి, జారింది. తిప్పమ్మ దాన్ని తీసి కుక్కకు వేసి, మొగుడికి ఇంకేమీ పెట్టకుండా తలుపు వేసుకుంది.

* * *

మరునాడు పొద్దున రాజశేఖర్ బండికి చార్జీ పెట్టే మూతకు తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. బండి తెర మీద చార్జీ నూరు ఉండటం చూపించి, "ఇది నీ మొగం మాదిరి గుర్తు పెట్టుకో," అని పంపించాడు.

బండి తోలడం తిక్కయ్యకు హాయిగా ఉంది. బావమరిది ఆటోను తాను తోలిన రోజుల తర్వాత మళ్లీ ఇన్నాళ్లకు చేతికి హ్యాండిలు తగిలింది. ఊరు దాటాక ఎదురుగాలి మొహాన కొట్టింది. పత్తి తీతల కాలంలో తూర్పు గాలి అట్లాగే వస్తుంది. రోడ్డు ఖాళీ, ట్రాలీ ఖాళీ, ఇంకేం? హ్యాండిలు చివరికంటా తిప్పి పట్టుకున్నాడు. వెనక పట్టా ఉబ్బి దబదబ కొట్టుకుంటుంటే ఆ చప్పుడు కూడా తనకు మేళం కొట్టినట్టే అనిపించింది.

ఎమ్మిగనూరు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా పెట్రోలు బంకు దగ్గర తెర చూశాడు. నలభై ఒకటి. తెర తప్పు చూపిస్తోందేమోలే అని తనకు తాను చెప్పుకున్నాడు. చేను దగ్గర కూలి ఆడవాళ్లు పత్తి నింపి తొక్కారు. బరువుకు ట్రాలీ ఒరిగిపోతుందని భయపడి మెల్లగా తోలుకుంటూ వచ్చాడు. ఆదోని దారిలో ఆరేకల్ ఇంకా రాకముందే, రోడ్డు కింద కల్వర్టు దగ్గర, బండి ముక్కుతూ మూలుగుతూ ఆగిపోయింది.

ఫోన్ చేస్తే రాజశేఖర్ బుల్లెట్ మీద వచ్చాడు. దిగీ దిగకముందే చెప్పు తీశాడు. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది చెవి మీద. పక్క నుంచి పోతున్న ఎర్రబస్సు కిటికీల్లో ముఖాలన్నీ ఇటు తిరిగాయి. తిక్కయ్య చేతులు అడ్డం పెట్టలేదు. అడ్డం పెడితే ఇంకా కొడతాడని మండీలో పదిహేనేళ్లుగా చూసి నేర్చుకున్నదే.

"వాని ఇద్దె నువ్వూ నేర్సుకున్నావా రా?"

"తాళం సూడండి సావుకారీ. మీరేసిన తాళం ఏసినట్లే ఉండాది."

రాజశేఖర్ వంగి తాళం గుంజి చూశాడు. అది గట్టిగానే ఉంది. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో తడబాటు కనబడింది. దాంతో కోపం ఇంకా పెరిగింది. మూడో దెబ్బ ముక్కు మీద పడింది.

"వాడు పోయేటప్పుడు బ్యాటరీకి ఏమన్నా సేసిపోయినాడేమో నాకు తెల్దు. నువ్వే కనుక్కో. రేపు గూడా ఇట్లే నిలబడితే నీ సెయ్యి ఆ బారు మీద పెడతా. పిన్ను సంగతి నీకు సెప్పాల్సిన పన్ల్యా."

* * *

బండిని ట్రాక్టరు వెనక కట్టి మండీకి పంపించి, తిక్కయ్య అటునుంచి అటే ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారి పొడుగునా పళ్లు నూరాడు. చెయ్యి విరిగినవాడు కసితో బ్యాటరీ చెడగొట్టి ఉంటాడు. ఇప్పుడు రెండో చెయ్యి కూడా విరగ్గొడితే గాని నిజం చెప్పడు.

నేసేవాళ్ల వీధిలో అడుగు పెట్టేసరికి పొద్దు వాలుతోంది. ప్రతి ఇంట్లోనూ మగ్గం టకటక. యువరాజ్ ఇంట్లో గుంట మగ్గంలో అతని భార్య లత కాళ్లు దించి కూర్చుని నేస్తోంది. యువరాజ్ గోడకు ఆనుకుని, సిమెంటు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో కండెలకు నూలు చుట్టాలని చూస్తున్నాడు. నూలు చిక్కుపడుతోంది, విప్పుతున్నాడు, మళ్లీ చిక్కుపడుతోంది.

తిక్కయ్య ఒక్క ఊపున పోయి కాలరు పట్టి లేపాడు.

"బ్యాటరీకి ఏం సేసినావు రా? సెప్పు! ఏం సేసినావు?"

యువరాజ్ తల గోడకు కొట్టుకుంది. రెండోసారి కొట్టుకునేలోపల తిక్కయ్య కంటి మీద నిప్పు పడ్డట్టయింది. లత గుంటలోంచి ఎప్పుడు లేచిందో, మగ్గంలో నూలు అటూ ఇటూ దూర్చే నాడె పిడికిట్లో పట్టుకుని దాని ఇనప మొనతో కనుబొమ్మ మీద పొడిచింది. రక్తం కంట్లోకి కారింది.

"ఇంగొక అడుగు ఏస్తే కన్ను పోతాదప్పా," అంది. ఆమె గొంతు లేవలేదు. నాడె మాత్రం ఎత్తినది ఎత్తినట్టే ఉంది. "వచ్చి మళ్ల కొట్టేకి ఆ మనిషి కాడ ఏం మిగిలిందని వచ్చినావు?"

తిక్కయ్య కాలరు వదిలేసి కింద కూర్చున్నాడు. రక్తం పంచె మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. యువరాజ్ ఊపిరి సర్దుకుని అతని మొహంలోకి చూశాడు. చెప్పు దెబ్బలకు వాచిన ముక్కు చూశాడు. ఎందుకో నవ్వాడు.

"యాడ నిలబడిందన్నా? ఆరేకల్ ముందర, కల్వర్టు కాడనా?"

తిక్కయ్య తలెత్తాడు. తాను ఆ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

"బంకు కాడ నలభై ఒకటో నలభై రెండో సూపించిందా?"

"ఆ."

"నాకూ అంతే. దినామూ అంతే."

లత నాడె దించలేదు.

"పొద్దున ఈదిలో పడుగు నూలు పొడుగ్గా సాపుతాం గదన్నా, గంజి పెట్టేకి," అన్నాడు యువరాజ్. "గాలి లేనప్పుడు ఒక్క మనిషి పట్టుకున్నా నిలబడతాది. గాలి లేసిందనుకో, నలుగురు పట్టినా కొయ్యలు పీక్కోనొస్తాయి. పడుగు బరువెంత? ఎత్తి సంకలో పెట్టుకోని పోవచ్చు. బరువు గాదు లాగేది, గాలి. ట్రాలీకి ముందర పట్టా తెరిసే ఉంటాది. నువ్వు బండి ఉరికిస్తే గాలి దాంట్లో దూరతాది, బయటికి పోయేకి దావ ల్యా. ఎంత ఉరికిస్తే అంత లాగుతాది. పత్తి నింపినంక గాలికి సోటుండదు. బరువని నువ్వు గూడా మెల్లగ తోల్తావు. అంతే లెక్క."

"ఇదంతా ఆ పొద్దే సెప్పొచ్చు గదరా."

"సెప్పలేదా అన్నా? సెప్పినా. మీరు నగినారు."

తిక్కయ్యకు తన నవ్వు గుర్తొచ్చింది. తన చెవులతోనే మళ్లీ విన్నాడు. కంటి మీద గాయం కంటే అది ఎక్కువ మండింది. అయినా నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు. నమ్మితే తానేమవుతాడు?

"రేపు పట్టా తీసెయ్. పైపులు బోల్టులిప్పి ట్రాలీలో పండబెట్టు. స్పీడు ముప్పై దాటకుండా పో," అన్నాడు యువరాజ్. "నా మాట నమ్మొద్దు. తెర సూడు."

* * *

తెల్లవారి మండీ గేటు దాటి రెండు మలుపులు తిరిగాక తిక్కయ్య బండి ఆపాడు. పట్టా విప్పి మడత పెట్టాడు. పైపుల బోల్టులు విప్పి ఒక్కొక్కటే పడుకోబెట్టాడు. పానా రెండుసార్లు జారింది. చార్జీ మిగలకపోతే చెయ్యి విరుగుతుంది. మిగిలితే? ఆ సంగతి ఆలోచించకుండా బండి ఎక్కాడు.

ముప్పై మీద తోలాడు. సైకిళ్లు తప్ప అన్నీ దాటిపోయాయి. వెనక దబదబలు లేవు. బంకు దగ్గర ఆగి చాలాసేపు తెరవైపు చూడలేదు. చివరికి చూశాడు.

అరవై ఎనిమిది.

బండి దిగి, రోడ్డు పక్కన గొంతుక్కూచుని, వాంతి చేసుకున్నాడు. తన కుడిచెయ్యి తనకే ఎవరిదో అన్నట్టు కనబడింది. ఒక దొంగ చెయ్యి విరగ్గొట్టానని రెండు రోజులుగా తలెత్తుకు తిరిగాడు. చేనుకు పోయి, పైపులు మళ్లీ నిలబెట్టి, పత్తి నింపించుకుని, పట్టా కప్పుకుని వచ్చాడు. మండీలో బండి ఆపేసరికి ఇంకా ముప్పై ఒకటి ఉంది.

రాజశేఖర్ తెర చూశాడు. ముఖం విప్పారింది. తిక్కయ్య భుజం మీద చెయ్యి వేసి మండీ నడిమధ్యకు తీసుకొచ్చాడు.

"సూడండప్పా అందరూ! దొంగోడు పోయినాడు, చార్జీ నిలిసింది. నేను సెప్పలేదా?"

తన ఫ్లాస్కులోంచి తన కప్పులో టీ వంచి తిక్కయ్యకు ఇచ్చాడు. పదిహేనేళ్లలో అది మొదటిసారి. తిక్కయ్య ఒక గుక్క మింగాడు.

"అట్ల గాదు సావుకారీ. పోయేటప్పుడు పట్టా తీసేసినా, పైపులు పండబెట్టినా. మెల్లగ పోయినా. యువరాజ్ సెప్పింది నిజమే. గాలే."

"మళ్లా గాలా?" రాజశేఖర్ నవ్వాడు. ఈసారి మండీలో కొందరే నవ్వారు. "సాలు లేప్పా. టీ తాగు."

"రేపు ఒక్క పొద్దు మీరే తోలండి. పట్టా ఏసినట్లే ఉంచుదాం. తాళంచెవి మీ కాడే ఉండనీ. నేను పక్కన కూసుంటా."

నవ్వు ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. నాకు తోలడం రాదనో, నాకు భయమనో చెప్పలేడు కదా సావుకారి! "సరే పద. సూద్దాం," అన్నాడు. తిక్కయ్య చేతిలోంచి కప్పు లాక్కుని మిగిలిన టీ నేలమీద పారబోశాడు.

* * *

రాజశేఖర్ బండి తోలితే ఎట్లా ఉంటుంది? రోడ్డు తనదే అన్నట్టు ఉంటుంది. చివరికంటా తిప్పి పట్టుకుని, అడ్డం వచ్చిన ప్రతివాణ్ణీ తిడుతూ పోయాడు. తూర్పు గాలి ఆ పొద్దు మరీ జోరుగా ఉంది. వెనక నీలం పట్టా ఉబ్బి, పైపులు కిర్రుమంటున్నాయి. పక్కన ఇరుక్కుని కూర్చున్న తిక్కయ్య తెరవైపే చూస్తున్నాడు. ఎనభై. డెబ్భై. యాభై ఐదు. రాజశేఖర్ తిట్లు తగ్గాయి. కోటేకల్ వచ్చేసరికి పూర్తిగా నోరు మూశాడు.

బంకు దగ్గర, "ఆపండి సావుకారీ," అన్నాడు తిక్కయ్య.

తెర మీద ముప్పై తొమ్మిది.

"తాళంచెవి యాడుండాది?"

రాజశేఖర్ చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి పోయింది.

"యువరాజ్ ఇల్లు ఊర్లో. ఊరింకా మూడు కిలోమీటర్లు ఉండాది. ఆయప్ప ఇంటికి పోకముందే పోయింది సావుకారీ చార్జీ. దినామూ ఇట్లే పోయింది."

రాజశేఖర్ కిందికి దిగాడు. ఆ ఒక్క నిమిషం అతనికి అంతా అర్థమైందని తిక్కయ్య కళ్లారా చూశాడు. తర్వాత ఆ ముఖం మూసుకుంది. బజారంతా దొంగ దొంగ అని చాటినవాడు ఇప్పుడేమని చాటాలి?

"ఈ మాట మండీలో పడిందంటే," అంటూ మెడ పట్టి తిక్కయ్యను బండికి వేసి అదిమాడు. పిడికిలితో సరిగ్గా కనుబొమ్మ మీదే గుద్దాడు. గాయం పగిలి రక్తం చిమ్మింది. "ఈన్నే పూడ్సిపెడతా నిన్ను. కొట్టింది నువ్వు రా! పిన్ను పట్టింది నీ సెయ్యి. నేను ముట్టుకోల్యా."

అది అబద్ధం కాదు. అందుకే తిక్కయ్యకు ఒళ్లు తెలియలేదు. అతణ్ణి తోసి, ట్రాలీ దగ్గరికి పోయి, కొక్కెంలోంచి పిన్ను పీకాడు. ఎత్తాడు. రాజశేఖర్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గడియారం కట్టిన మణికట్టు తిక్కయ్య కళ్ల ముందు ఉంది. ఎంత బలం కావాలో ఎంత చప్పుడు వస్తుందో తిక్కయ్యకు తెలుసు.

పిన్ను ట్రాలీ పైపు మీద పడింది. మళ్లీ పడింది. ఏడుస్తూ, అరుస్తూ, అతుకులు తెగి పైపు వంగేదాకా కొట్టాడు. పిన్ను ఊడిన ట్రాలీ కదిలింది. ఎవరూ తొయ్యలేదు. పట్టా నిండా గాలి పట్టుకుని, అంత ఇనప ట్రాలీ ఆదోని వైపుకు తనంతట తానే వెనక్కి నడిచింది. నడిచి, రోడ్డు అంచు దాటి, గుంతలో పక్కకు ఒరిగింది.

మొహం మీంచి చేతులు దించి రాజశేఖర్ అదంతా చూశాడు.

"సూసినారు గదా," అన్నాడు తిక్కయ్య. పిన్ను చేతిలో పట్టుకునే ఊరివైపు నడిచాడు.

* * *

నేసేవాళ్ల వీధి పొడుగునా పడుగు సాచి ఉంది. గాలి లేవకముందే కావాల్సిన పని. ఒంటిచేతి మొగుడితో ఆలస్యమైపోయింది. లత కుంచెతో గంజి రాస్తోంది. అటు చివర యువరాజ్ ఎడమచేత్తో పడుగు కర్రను పట్టుకుని వెనక్కి ఆనుకున్నాడు. అతని పక్కన భూమిలో దిగేసిన కొయ్య గాలికి ఊగి ఊగి వదులైపోయింది.

రక్తం కారే మొహంతో, పిన్నుతో వస్తున్న తిక్కయ్యను చూసి లత కుంచె పారేసి రాయి అందుకుంది.

తిక్కయ్య పిన్ను ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. ఊగుతున్న కొయ్య మీద కుడి మణికట్టు ఆనించాడు.

"ఈ సెయ్యేమ్మా," అన్నాడు. "సావుకారే తోలినాడు ఈ పొద్దు. బంకు కాడికే అరవై పోయింది చార్జీ. తప్పు నాది. కొట్టు."

లత రాయి వదిలి పిన్ను తీసుకుంది. బరువు చూసింది. మొగుడి కట్టువైపు ఒకసారి చూసింది. రెండు చేతులతో తల మీదికి ఎత్తింది. తిక్కయ్య కళ్లు మూసుకున్నాడు.

పిన్ను అతని చేతికి బెత్తెడు దూరంలో కొయ్య తల మీద పడింది. ఇంకొకసారి పడింది. కొయ్య భూమిలోకి దిగింది.

"సెయ్యి తియ్, అడ్డం," అంది లత. "ఆయప్ప కాడ కర్ర తీసుకో. రెండు సేతులతో పట్టుకో. వదిల్తే పడుగు పోతాది."

తిక్కయ్య కర్ర అందుకుని వెనక్కి ఆనుకున్నాడు. అంత పల్చటి నూలు, మెడ నరాలు తేలేంతగా లాగింది. మూటలు మోసిన ఒంటికి ఈ లాగడం కొత్తది. మడమలు భూమిలో తొక్కి పట్టాడు.

"నాకు సెప్పినావు సరేన్నా," అన్నాడు యువరాజ్ పక్కన నిలబడి. "దొంగోడని అనింది మండీలో, అందరి ముందర."

జవాబు చెప్పేలోపల తిక్కయ్య జేబులో ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ లేవు. యువరాజ్ ఎడమచేత్తో ఫోను తీసి, పేరు చూసి, నొక్కి, అతని నోటి దగ్గర పెట్టాడు.

"యాడ సచ్చినావు రా? ట్రాలీ ఎవడు ఎత్తల్ల? మండీ నుంచి మనుషుల్ని పిలిపించినా, అందరూ ఈన్నే ఉండారు. నువ్వొచ్చి వీల్లకేం సెప్తావో సెప్పు!"

"అందరూ ఉండారా సావుకారీ? అట్లయితే అందరికీ ఇనపడేట్లు పెట్టండి," అన్నాడు తిక్కయ్య. "యువరాజ్ ఇంటికాడ ఉండా నేను. ఆయప్ప దొంగ గాదని ఈన్నుంచే సెప్తా."

యువరాజ్ ఫోను ఇంకాస్త దగ్గరికి జరిపాడు. గాలి మళ్లీ లేచింది. పడుగు గుంజింది. తిక్కయ్య ఊపిరి బిగబట్టి గట్టిగా పట్టుకున్నాడు.